గ్యారేజీ తలుపు, ఎర్ర తాడు

2023 ఆగస్టు 4, శుక్రవారం. రిఫా, బహ్రెయిన్.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కరెంటు పోయింది. వీధి చివర భూమిలో కేబుల్ జాయింటు కాలిందట. మా వరసలో ఉన్న ఇళ్లకి తప్ప ఎవరికీ పోలేదు. రెండు గంటల్లో బాగుచేశారు. ఆ ఎండలో గుంటలో దిగి పనిచేసినవాళ్లకి దండం పెట్టాలి.

అమ్మకి సరిగ్గా అప్పుడే ఆయాసం మొదలైంది. నెబ్యులైజరు కరెంటుతో నడిచేది. కారు గ్యారేజీలో. గ్యారేజీ తలుపుకి మోటారు. పట్టాలకి వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపు మోటారు నుంచి విడిపోయింది కానీ, చేత్తో ఎత్తబోతే మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. బలమంతా పెట్టినా కదల్లేదు. పక్కింట్లో డ్రైవరుగా చేసే మలికిపురం అబ్బాయి పరుగున వచ్చి రెండో వైపు పట్టాడు. ఇద్దరం ఎత్తి, జారకుండా కింద నిచ్చెన ఆసరా పెట్టి కారు తీశాం. ఆసుపత్రిలో మందు పట్టారు. ఏడింటికల్లా ఇంటికొచ్చేశాం. అమ్మ ఇప్పుడు నిద్రపోతోంది.

కరెంటు వచ్చాక స్విచ్చి నొక్కితే మోటారు గుర్రుమంటోంది తప్ప లాగడం లేదు. పెట్టె కింద కారు బానెట్ మీద తెల్లటి పొడి రాలి ఉంది.

ఓనరుకి ఫోన్ చేశాను. మంచాయన. "నువ్వే చూసి మంచిది పెట్టించు, బిల్లు నాకు పంపు" అన్నాడు. బ్యాటరీ ఉన్నది కావాలన్నాను. "ఇక్కడ కరెంటు ఎన్నిసార్లు పోతుందని?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆలోచించి చెప్పాలి.

ఆగస్టు 6, ఆదివారం

టెక్నీషియన్ సాయంత్రం అయిదింటికి వచ్చాడు. ఈ ఏడాది జులై, ఆగస్టుల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిషేధం ఉంది. గ్యారేజీ నీడే అయినా ఆ వేళలో వద్దని నేనే చెప్పాను. జగిత్యాల తమ్ముడు. గల్ఫ్‌కి వచ్చి చాలా ఏళ్లయిందట, షట్టర్లు, గేట్లు, ఈ తలుపులే పని.

మోటారు వంక చూడనే లేదు. ఎర్ర తాడు లాగి, తలుపు కొంచెం ఎత్తి వదిలాడు. దభీమని పడింది.

"మోటరు తర్వాత సంగతన్నా. ముందు స్ప్రింగు జూడు. తుప్పు వట్టి సల్లవడ్డది. ఇన్నాళ్లు డోరు బరువంత మోటరే గుంజింది. లోపల నైలాన్ పళ్లచక్రం ఉంటది, అది అరిగి పిండయింది. నువ్వు జూసిన తెల్లపొడి అదే."

తలుపు పైన కమ్మీకి చుట్టిన లావుపాటి స్ప్రింగులు రెండు. బరువంతా మోయాల్సింది అవి. ఏతాం కర్రకి వెనకాల కట్టిన బరువు ఏ పని చేస్తుందో ఇవీ అదే చేస్తాయి. బరువు సరిగ్గా తూగితే ఒక మనిషి, ఒక చేత్తో, వందకిలోల పైచిలుకు తలుపుని ఎత్తగలడు. మోటారుది నడిపించే పని మాత్రమే. మామూలు స్ప్రింగుకి పదివేల సార్లు తెరిచి మూసే ఆయుష్షు లెక్కగడతారు. రోజుకి నాలుగైదుసార్లు వాడే ఇంట్లో అయిదారేళ్లు. సముద్రపు గాలి ఉన్న ఈ దీవిలో తుప్పు దాన్నింకా తగ్గిస్తుంది.

అంటే శుక్రవారం మా దగ్గర బ్యాటరీ ఉన్న మోటారే ఉన్నా ప్రయోజనం లేకపోయేది. తూకం తప్పిన తలుపుని అది కూడా సగంలో వదిలేసేది. బ్యాటరీ గురించి ఆలోచించే ప్రతి ఇంటివాడూ ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇది: తాడు లాగి, తలుపుని నడుము ఎత్తుకి ఎత్తి, వదిలి చూడాలి. అక్కడే నిలబడితే తూకం ఉన్నట్టు. కిందికి దిగినా, పైకి ఎగిరినా స్ప్రింగు సంగతి చూడాలి.

స్ప్రింగుల జోలికి మనం వెళ్లకూడదని గట్టిగా చెప్పాడు. బిగించి ఉన్న స్ప్రింగు రాడ్డు జారితే మణికట్టు విరిగిపోతుందట. రెండూ ఒకేసారి మార్చాలి, గాల్వనైజ్డ్‌వే వెయ్యాలి. సరేనన్నాను.

ఆగస్టు 9, బుధవారం

డ్యూటీ అయ్యాక సల్మాబాద్. వర్క్‌షాపుల మధ్య తలుపుల సామాన్ల షాపులు.

షాపతను ముందు చవకది చూపించాడు. సూటిగా 230 వోల్టుల ఏసీ మోటారు. బలంగా ఉంటుంది, ధర తక్కువ. కానీ దానికి బ్యాటరీ తగిలించే దారి లేదు. కావాలంటే ఇన్వర్టరు పెట్టుకోమన్నాడు. మా కోనసీమలో చాలా ఇళ్లలో ఇన్వర్టర్లు ఉంటాయి. 1996 నవంబరు తుపానులో స్తంభాలన్నీ నేలకూలి ఊళ్లు చీకట్లో మగ్గాక, మా వైపు కరెంటుని నమ్మి ఎవరూ కూర్చోరు. అయితే ఆ ఇన్వర్టర్లు ఫ్యాన్లకీ లైట్లకీ. ఏసీ మోటారు కదిలే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చవకరకం ఇన్వర్టరు అక్కడే ఆగిపోతుంది. తట్టుకునేంత పెద్దది పెట్టాలంటే తలుపు కన్నా ఖర్చు.

రెండో రకం 24 వోల్టుల డీసీ మోటారు. గోడ నుంచి 230 తీసుకుని లోపల డీసీ చేసుకుంటుంది. మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది, చప్పుడు తక్కువ. బోర్డు మీద బ్యాటరీ కిట్‌కి చోటు ఉంటుంది. హోర్మన్, సోమర్, నైస్, బీఎఫ్‌టీ, లిఫ్ట్‌మాస్టర్ లాంటి పెద్ద పేర్లన్నింటిలో ఈ రకం దొరుకుతుంది. కానీ "బ్యాటరీ పెట్టుకోవచ్చు" అంటే బ్యాటరీ పెట్టెలో ఉందని కాదు. చాలావాటికి అది విడిగా కొనుక్కోవాల్సిన సామాను. బిల్లులో వేరే లైను. పైగా పది శాతం వ్యాట్.

చైను, బెల్టు గురించి ఎక్కువ ఆలోచించలేదు. గ్యారేజీ పైన పిల్ల గది ఉంది కాబట్టి బెల్టు.

ఆఫీసులో ఇద్దరు రెండు సలహాలిచ్చారు. ఒకాయన, కాజ్‌వే దాటి సౌదీలోని ఖోబర్‌లో కొనమన్నాడు. ఇంకొకాయన, జుఫైర్‌లో తిరుగు ప్రయాణంలో ఉన్న అమెరికన్ కుటుంబం తమ మిషను సగం ధరకి ఇచ్చేస్తోందన్నాడు. రెండింటికీ ఒకటే చిక్కు. బహ్రెయిన్ కరెంటు 50 హెర్ట్జ్, సౌదీది 60. 2009లో గల్ఫ్ గ్రిడ్లని కలిపినప్పుడు, సౌదీ గ్రిడ్డుని మిగతా వాటితో తిన్నగా కలపలేక, అల్ ఫాదిలీ దగ్గర కరెంటుని డీసీ చేసి మళ్లీ ఏసీ చేసే స్టేషనే కట్టాల్సి వచ్చింది. అమెరికాదైతే 60 హెర్ట్జ్ సరే, వోల్టేజీ కూడా 120. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజీ మారుతుంది, హెర్ట్జ్ మారదు. 60కి చుట్టిన ఏసీ మోటారు గానీ, లోపలి ట్రాన్స్‌ఫార్మరు గానీ 50 మీద నడిస్తే వేడెక్కుతుంది. మిషను మీద పట్టీలో 50/60 అని ఉంటే ఫరవాలేదు. అమెరికా మిషన్ల రిమోట్ ఫ్రీక్వెన్సీలు కూడా ఇక్కడి వాటికి వేరు, రిమోట్ పోతే ఇంకోటి దొరకదు. రెండు సలహాలూ పక్కన పెట్టేశాను.

ఆగస్టు 12, శనివారం

ఇవాళంతా లెక్కలు. శ్రీమతి కాఫీ ఇస్తూ, "తలుపుకి ఇంత లెక్కేంటండీ?" అంది. రాసి పెడుతున్నాను, ఓనరుకి చెప్పాల్సినవి కూడా ఇవే.

తలుపు ఒకసారి తెరుచుకోవడానికి ఇరవై సెకన్లు. ఆ కాసేపు 150 వాట్లు అనుకుంటే, ఒక్క సారికి ఒక వాట్ అవర్ కూడా పట్టదు. షాపులో చూపించిన కిట్ 24 వోల్టులు, 2.2 ఆంపియర్ అవర్లు. అంటే సుమారు 53 వాట్ అవర్లు. ఈ లెక్కన యాభైసార్లు పైమాటే. కానీ మిషను ఊరికే ఉన్నప్పుడు కూడా రిమోట్ కోసం చెవొగ్గి వింటూ ఉంటుంది. దానికి ఒక వాటు పడితే, ఇరవై నాలుగు గంటల్లో సగం బ్యాటరీ తలుపు కదలకుండానే ఖాళీ. మూడేళ్ల పాత బ్యాటరీ అయితే ఆ మిగతా సగం కూడా నమ్మకం లేదు. అయినా మన అవసరం రెండు మూడు గంటలు. సరిపోతుంది.

అసలు శత్రువు వేడి. ఇలాంటి సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర. ఆ పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సుమారుగా సగమవుతుంది. మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరు మోటారు పక్కన, సీలింగు కింద కట్టి చూశాను: 47. నేలకి దగ్గరగా 39. కారు వేడి ఇంజనుతో లోపలికొస్తే ఇంకా పెరుగుతుంది. అయిదేళ్ల బ్యాటరీ ఆ సీలింగు కింద ఏడాదికి అటూ ఇటుగా పోతుంది. పైగా వేడిలో ఛార్జింగు వోల్టేజీని తగ్గించాలి, ఒక్కో సెల్లుకి డిగ్రీకి మూడు మిల్లీవోల్టుల చొప్పున. పన్నెండు సెల్లులకి, ఇరవై డిగ్రీలకి ముప్పావు వోల్టు దాకా. షాపులో చూసిన బోర్డులకి ఆ ఏర్పాటు లేదు. అంటే వేసవి నెలల్లో బ్యాటరీకి అతిగా ఎక్కుతూనే ఉంటుంది, ఉబ్బుతుంది. తీరా కరెంటు పోయిన రోజున పనిచెయ్యదు. కరెంటు పోయేది కూడా ఆ నెలల్లోనే, ఏసీలన్నీ నడిచే వేళలోనే.

మిషను పెట్టెలోనే బ్యాటరీ పెట్టే డిజైను చల్లటి దేశాల వాళ్లకి బాగుంటుంది. ఇక్కడ దాన్ని అక్కడి నుంచి కిందికి దించాలి. గ్యారేజీకి ఆనుకుని స్టోరు గది ఉంది. లోపలి ఏసీ గాలి వస్తుంది, 28 దాటదు. గోడకి చిన్న రంధ్రం, అయిదు మీటర్ల వైరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే, ఆరు ఆంపియర్లకి పోయేది అర వోల్టు లోపే. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేడిని ఇంతకన్నా బాగా ఓర్చుకుంటుంది. కానీ లెడ్ యాసిడ్ కోసం చేసిన ఛార్జరుకి దాన్ని తగిలించనని జగిత్యాల తమ్ముడు ఫోన్లో తెగేసి చెప్పాడు. అతనితో ఏకీభవిస్తున్నాను.

ఆగస్టు 15, మంగళవారం

శాక్రమెంటోలో ఉన్న అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. నానమ్మ ఎలా ఉందని మొదలై, మాట తలుపు మీదికి వచ్చింది. "మా దగ్గర అది చట్టం బాబాయ్" అంది. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాని కార్చిచ్చు కాల్చినప్పుడు, కరెంటు పోయి, గ్యారేజీ తలుపులు ఎత్తలేక కారు బయటికి తియ్యలేక చనిపోయినవాళ్లు కనీసం అయిదుగురు. అందులో పెద్దవాళ్లు ఉన్నారు. మరుసటి ఏడాది సెనేట్ బిల్లు 969 వచ్చింది. 2019 జులై 1 నుంచి అక్కడ ఇళ్లకి కొత్తగా అమ్మే, బిగించే ప్రతి మోటారుకీ బ్యాటరీ ఉండి తీరాలి.

కరెంటు తలుపు మోటారు అమెరికాలో 1926 నాటిది. బ్యాటరీ తప్పనిసరి కావడానికి తొంభై మూడేళ్లు పట్టింది.

ఆ అయిదుగురి గురించి రాత్రంతా ఆలోచించాను. తాడు వాళ్ల తలుపులకీ ఉండే ఉంటుంది. తాడు ఉండడం వేరు, ఆ క్షణంలో ఆ ఇంట్లో ఉన్న మనిషి దాన్ని అందుకోగలగడం, తలుపు ఎత్తగలగడం వేరు. ఓనరు ప్రశ్నకి నా జవాబు ఇదే. కరెంటు ఎన్నిసార్లు పోతుందన్నది కాదు లెక్క. పోయినప్పుడు ఇంట్లో ఎవరు ఉంటారన్నది.

ఈ మాటే రాసి పంపాను. "బ్యాటరీ, స్ప్రింగులు, అన్నీ పెట్టించు. అమ్మగారికి సలాం చెప్పు" అని జవాబొచ్చింది.

ఆగస్టు 18, శుక్రవారం

మలికిపురం అబ్బాయి గదికి ఇవాళే మొదటిసారి వెళ్లాను. అమ్మ సున్నుండలు పంపింది. పక్కింటి గ్యారేజీ లోపల, మూలన కట్టిన గది. ఏసీ ఉంది, మంచం ఉంది, శుభ్రంగా ఉంచుకున్నాడు. కానీ గది తలుపు గ్యారేజీలోకే తెరుచుకుంటుంది. గ్యారేజీకి పక్క తలుపు లేదు. అతను బయటికి రావాలంటే ఆ పెద్ద తలుపు లేవాల్సిందే.

"రాత్రి కరెంటు పోతే ఎలా వస్తావయ్యా?"

"రాత్రిపూట ఎప్పుడూ పోలేదండి అన్నయ్యగారూ. పోతే బాబాకి ఫోన్ చేస్తానండి."

ఎర్ర తాడు చూపించి ఇదేమిటో తెలుసా అన్నాను. ముట్టుకోవద్దని వచ్చిన కొత్తలో చెప్పారట. రెండేళ్లుగా ముట్టుకోలేదు. మా తలుపు దగ్గర నేను లాగడం చూశాడు కానీ తన తలుపుకీ అదే పనిచేస్తుందనుకోలేదు.

లాగించాను. తలుపు ఎత్తించాను. వాళ్ల స్ప్రింగులు బాగున్నాయి, సులువుగా లేచింది. మళ్లీ మోటారుకి ఎలా తగిలించాలో కూడా చూపించాను. కారు పొగ, గ్యాసు, నిప్పు, ఏదైనా జరగొచ్చు గ్యారేజీలో. కోనసీమ నుంచి, కడప నుంచి, రాయచోటి నుంచి, కరీంనగర్ నుంచి వచ్చి గల్ఫ్ ఇళ్లలో పనిచేసే మన పిల్లలు ఎంతమంది ఇలాంటి గదుల్లో పడుకుంటున్నారో. వాళ్లకి ఆ తాడు ఎవరైనా చూపించారా? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

సాయంత్రం నలుగురూ కూర్చునే మజ్లిస్ దగ్గర వాళ్ల బాబాని, అంటే పక్కింటి యజమానిని, కలిసి చెప్పాను. ముసలాయన నిదానంగా విన్నాడు. "ఈ సంగతి నాకు తట్టలేదు" అన్నాడు. నీ మనిషి వచ్చినప్పుడు మా ఇంటికీ పంపించమన్నాడు.

ఆగస్టు 23, బుధవారం

మూడున్నరకి ఆఫీసులో పని ఆపి అందరం ఫోన్లలో చంద్రయాన్ చూశాం. దిగింది! మలయాళీలు, తమిళులు, మనవాళ్లు, ఒకరినొకరం కౌగిలించుకున్నాం.

ఆ సందట్లో ఇక్కడే పుట్టి పెరిగిన సీనియర్ ఒకాయన తేదీ చూసి మరో సంగతి చెప్పాడు. 2004లో ఇదే రోజున, ఆగస్టు 23 సోమవారం, బహ్రెయిన్ మొత్తం కరెంటు పోయింది. సిగ్నళ్లు ఆగిపోయి, ఇళ్లలో ఉండలేక జనం కార్లలో ఏసీ వేసుకుని కూర్చున్నారట. గ్రిడ్డు పొరుగు దేశాలతో కలిసింది ఆ తరవాత అయిదేళ్లకి. ఇప్పుడు దేశం మొత్తం ఆరిపోయే భయం అప్పటంత లేదు. వీధి చివర కేబుల్ కాలడం మాత్రం ఏ గ్రిడ్డూ ఆపలేదు.

ఆగస్టు 25, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఇంటినిండా పేరంటాళ్లు. గ్యారేజీ తలుపు చేత్తో ఎత్తి నిలబెట్టి, చెప్పులన్నీ అక్కడే. పని రేపటికి.

ఆగస్టు 26, శనివారం

నాలుగున్నరకి మొదలుపెట్టి పదింటికి ముగించారు. స్ప్రింగులు ముందు. కొత్తవి బిగించాక తలుపుని నడుము ఎత్తులో వదిలితే కదలకుండా నిలబడింది. మా పదేళ్ల పిల్ల ఒక చేత్తో ఎత్తింది.

తరవాత మోటారు. మామూలు కొలతల 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీలు రెండు పట్టేదే ఎంచుకున్నాను. ఇంకో కంపెనీ మిషను చూడ్డానికి ఇంతకన్నా బాగుంది కానీ, దాని బ్యాటరీ ఆకారం దానిదే, పోతే తెప్పించుకోవాలి. ఇది మనామాలో అలారం, యూపీఎస్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. నాకు ఈ ఒక్క గుణమూ మిగతా హంగులన్నిటికన్నా ఎక్కువ. ఫోన్‌తో తెరిచే వై-ఫై ముక్క వద్దన్నాను.

బ్యాటరీ స్టోరు గదిలో, వైరు గోడలోంచి, ఫ్యూజుతో.

పరీక్షలు నేనే చేయించాను. మెయిను ఆపి రిమోట్ నొక్కితే తలుపు మెల్లగా లేచింది, బీప్ మంటూ. బ్యాటరీ మీదే దించుతూ మధ్యలో చెయ్యి అడ్డం పెడితే ఫోటోసెల్ పట్టుకుని వెనక్కి తిప్పింది. నేల మీద యాభై మిల్లీమీటర్ల చెక్క పెడితే తగలగానే పైకి లేచింది. యూరప్ ప్రమాణంలో తలుపు అంచు నొక్కుడు 400 న్యూటన్లు దాటకూడదు. అది కొలిచే పరికరం తమ్ముడి దగ్గర లేదు, చెక్కతో సరిపెట్టాం. చాలామంది బ్యాటరీ మీద తలుపు లేస్తే చాలనుకుంటారు. దిగేటప్పుడు ఆగుతుందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం.

మిగిలింది తాడు. కంపెనీ కట్టిన ఎత్తు ఆరడుగులు. అమ్మ అయిదడుగులు లేదు. చెయ్యి చాస్తే వేళ్లు తగుల్తాయి కానీ లాగే పట్టు రాదు. పొడుగు చేద్దామంటే, తలుపు తెరిచినప్పుడు తాడు వెనక్కి జరిగి కారు అద్దం మీద ఈడుస్తుంది. పైగా తలుపు పై సందులోంచి కొక్కెం దూర్చి తాడు లాగే దొంగలున్నారు, పొడుగు తాడు వాళ్లకి సాయం. తమ్ముడూ నేనూ తర్జనభర్జన పడుతుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్న అమ్మ అంది:

"ఒరే, చిన్న దోటి చేసి గోడకి తగిలించండి. మామిడికాయ కోసిన చేతులే కదా ఇవి."

తమ్ముడు అల్యూమినియం గొట్టానికి కొక్కెం బిగించి ఇచ్చాడు. అమ్మ కుర్చీలోంచి లేచి, తాడు తగిలించుకుని, లాగింది. టక్కుమని విడిపోయింది.

సెప్టెంబరు 1, శుక్రవారం

పక్కింటి పని కూడా అయింది. వాళ్ల మోటారు డీసీదే, బోర్డు మీద బ్యాటరీ చోటు మొదటి నుంచీ ఖాళీగా ఉంది. కిట్ ఒక్కటే పెట్టారు, మోటారు పెట్టెలోనే. బయట నుంచి తాళంచెవితో తలుపుని విడిపించే ఏర్పాటు కూడా బాబా పెట్టించాడు, తాళంచెవి ఒకటి మా ఇంట్లో ఉంచాడు. డ్రైవరు గదికి సొంతంగా బయటి తలుపు పెట్టిస్తానని మాటిచ్చాడు, చలికాలంలో మేస్త్రీ పని. అది కావాలి. ఏ బ్యాటరీ అయినా ఆ తలుపుకి సాటి రాదు.

ఇవాళ ఉదయం మెయిను ఆపి రెండిళ్లవాళ్లం కలిసి చేసి చూసుకున్నాం. అమ్మ, శ్రీమతి, పిల్ల, మలికిపురం అబ్బాయి, వాళ్లింట్లో వంట చేసే కడప అమ్మాయి, అందరూ ఒక్కొక్కరే తాడు లాగి, తలుపు ఎత్తి, దించి, మళ్లీ తగిలించారు. ప్రతి మూడు నెలలకీ చెయ్యాలనుకున్నాం.

బ్యాటరీల మీద మార్కరుతో రాశాను. మాది: పెట్టింది 2023 ఆగస్టు 26, పనిచేస్తున్నా 2026 ఆగస్టులో మార్చాలి. పక్కింటిది వేడిలో ఉంది కాబట్టి 2024 మే నెలలో, వచ్చే వేసవి ముదరకముందే.